8కే కెమెరా కావాలా? లెక్క తెర నుంచి వెనక్కి వేయండి

మధ్యలో వచ్చి చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్పేస్తాను. అడిగినాయనకు దర్శకుడిగా ఇది మొదటి సినిమా. షూటింగ్ హైదరాబాద్‌లో, బడ్జెట్ అంతంతమాత్రం, యాభై అరవై గ్రాఫిక్స్ షాట్లు ఉన్నాయి. ముందు థియేటర్లో విడుదల, తర్వాత ఓటీటీ. నిర్మాతకు తెలిసినవాళ్ల దగ్గర 8కే కెమెరా తక్కువ అద్దెకు దొరుకుతోంది. కెమెరామన్ మాత్రం 4.6కే సెన్సార్ (కాంతిని బొమ్మగా పట్టే చిప్) ఉన్న, ఆరీ కంపెనీ కెమెరా అలెక్సా 35 కావాలని పట్టుబట్టాడు. "దాదాపు రెట్టింపు రిజల్యూషన్ వదులుకుని, పైగా ఎక్కువ అద్దె ఎందుకు కట్టాలి?" అని నిర్మాత అడుగుతున్నాడు.

నేను డీఐ (తీసిన సినిమాకు రంగులు సరిచేసే పని), డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ సినిమా ఫైళ్ల మూట) తయారీ వైపు మనిషిని. సినిమా నా దగ్గరకు వచ్చేసరికి షూటింగ్ అయిపోయి ఉంటుంది కాబట్టి కెమెరా కంపెనీల మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు. తీసినదాంట్లో తెర మీద ఎంత మిగిలిందో చూడటమే నా పని. మీరు చెప్పిన సినిమాకు మీ కెమెరామన్ మాటే సరైనదని నా అభిప్రాయం. అలాగని నిర్మాత అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. డబ్బు పెట్టే మనిషి అంకెలు అడిగితే అంకెలతోనే చెప్పాలి. "లుక్ బాగుంటుంది సార్" అంటే ఎవరూ ఒప్పుకోరు.

మొదట తెర సంగతి. 4కే, 8కే అనేవి అడ్డంగా సుమారు ఎన్ని వేల పిక్సెళ్లు ఉన్నాయో చెప్పే అంకెలు. టీవీల 4కే 3840 × 2160. సినిమా 4కే 4096 × 2160. సినిమా 2కే 2048 × 1080. అడ్డం అంకె రెట్టింపైతే మొత్తం పిక్సెళ్లు నాలుగు రెట్లవుతాయి, ఖర్చులు కూడా ఈ నాలుగు రెట్ల లెక్కనే వెంటాడతాయి. హాలీవుడ్ పెద్ద స్టూడియోలు 2002లో కలిసి డీసీఐ అనే సంస్థ పెట్టుకుని, 2005లో డిజిటల్ ప్రదర్శనకు ప్రమాణాలు విడుదల చేశాయి. డీసీపీ వేసే హాలు ఎక్కడున్నా నడిచేది వాటి ప్రకారమే. ఆ ప్రమాణాల్లో ఉన్నవి రెండే సైజులు, 2కే, 4కే. హాలుకు 8కే డీసీపీ పంపే వీలే లేదు. అంటే మీరు ఏ కెమెరాతో తీసినా థియేటర్లో 4కే దాటి ఒక్క పిక్సెల్ కూడా పడదు.

అందులోనూ మనవాళ్లు ఎక్కువగా తీసేది స్కోప్‌లో, అంటే బాగా వెడల్పాటి ఫ్రేములో. స్కోప్ 4కే అంటే 4096 × 1716, సుమారు 70 లక్షల పిక్సెళ్లు. పైనా కిందా ఉన్న మిగతా వరసలు నల్లగానే ఉండిపోతాయి.

చాలామంది నిర్మాతలకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. డీసీపీలో బొమ్మను జేపెగ్ 2000 పద్ధతిలో కుదిస్తారు. దానికి గరిష్ఠ పరిమితి సెకనుకు 250 మెగాబిట్లు. 2కేకి అంతే, 4కేకీ అంతే. 24 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 1.3 ఎంబీ. పిక్సెళ్లు నాలుగు రెట్లయినా వాటిని మోసే సంచి అదే. మామూలు షాట్లలో ఇది ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే ఆ కుదింపు పద్ధతి అంత బాగా పనిచేస్తుంది. వాన, దుమ్ము, ఆకులు, గ్రెయిన్ (బొమ్మలోని సన్న రేణువులు) కలిసిన ఫైట్ సీన్లలో మాత్రం ఆ పరిమితి దగ్గర లాగులాట మొదలవుతుంది. జేపెగ్ 2000కి ఒక మంచి గుణం కూడా ఉంది. 4కే ఫైలు వేస్తే 2కే ప్రొజెక్టర్ అందులోంచి తనకు కావలసిన 2కే బొమ్మను మాత్రమే తీసుకుంటుంది. కాబట్టి రెండు రకాల హాళ్లకు రెండు డీసీపీలు చేయక్కర్లేదు.

ఇక కన్ను. 6/6 చూపు ఉన్న మనిషి ఒక డిగ్రీలో 60వ వంతు దాకా వివరాన్ని విడిగా చూడగలడని నేత్రవైద్యుల ప్రమాణం. దాన్ని తెరకు వర్తింపజేస్తే ఒక సులువైన లెక్క వస్తుంది. తెర వెడల్పుకు సుమారు 1.7 రెట్ల దూరం దాటి కూర్చున్నవాడికి 2కే చాలు, అంతకు మించి ఇచ్చినా అతని కన్ను పట్టుకోదు. 4కేకి ఆ గీత తెర వెడల్పులో 0.84 వంతు దగ్గర పడుతుంది. 50 అడుగుల తెర ఉన్న హాలు అనుకుంటే 84 అడుగుల వెనక కూర్చున్నవాళ్లకు 2కే, 4కే ఒక్కటే. 42 అడుగుల నుంచి 84 అడుగుల మధ్యవాళ్లకు 4కే వల్ల నిజంగా లాభం ఉంటుంది. హైదరాబాద్ ప్రసాద్స్ పెద్ద తెరలాంటిదైతే, అంటే సుమారు 100 అడుగుల వెడల్పు ఉంటే, 2కే పిక్సెల్ ఒక్కోటి దాదాపు 15 మిల్లీమీటర్లు. అక్కడ ముందు వరసలవాళ్లకు 2కే తేలిగ్గా దొరికిపోతుంది, ముఖ్యంగా టైటిల్స్‌లో. మన అక్షరాల గుండ్రటి అంచుల దగ్గర మెట్లు కనబడటం మొదలవుతుంది. కాబట్టి 4కే అనవసరమని నేను అనను. సినిమాను 4కేలో పూర్తి చేయండి, అది మంచి ఖర్చే. నా వాదన దాని పైదాని గురించి.

ఇదే లెక్క ఇంటి టీవీకి వేయండి. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 1.2 మీటర్లు. ఏడు అడుగుల కంటే దూరంగా కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా కన్ను చెప్పలేదు. 4కే కంటే 8కే మెరుగ్గా కనబడాలంటే మూడున్నర అడుగుల లోపలికి జరగాలి. మన ఇళ్లలో అంత దగ్గర కూర్చుంటే అమ్మ కేకలేస్తుంది. పైగా ఓటీటీలో 4కే చూడటానికి నెట్‌ఫ్లిక్స్ సిఫారసు చేసే ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు. డీసీపీకి 250 అని పైన చెప్పానుగా, ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. చీకటి సీన్లలో గోడ మీద మచ్చలు మచ్చలుగా కనబడేది పిక్సెళ్లు తక్కువై కాదు, ఈ కుదింపు వల్ల.

థియేటర్లో అసలు నష్టం జరిగేది ఇంకోచోట. ప్రమాణం ప్రకారం తెర మీద తెలుపు 14 ఫుట్-లాంబర్ట్‌లు, అంటే 48 నిట్స్ (రెండూ వెలుగు కొలతలే) వెలుగుండాలి. దీపం జీవితకాలం అయిపోయినా మార్చని హాళ్లు, కరెంటు ఆదా కోసం వెలుగు తగ్గించి నడిపే హాళ్లు, ప్రొజెక్టర్ గదిలో పోర్టు గ్లాసు (కాంతి బయటికొచ్చే కిటికీ అద్దం) తుడవని హాళ్లు ఎన్ని ఉన్నాయో ఈ రంగంలో ఉన్నవాళ్లను అడగండి. జిల్లాల్లో చాలా హాళ్లలో ఇప్పటికీ 2కే ప్రొజెక్టరే. వెలుగు తగ్గితే ముందు పోయేది కాంట్రాస్టు, దానితోపాటే పదును పోతుంది. మనిషి కన్ను పదును అని గుర్తుపట్టేది ఎక్కువగా వెలుగునీడల మధ్య తేడానే. వెలుగు సరిగ్గా ఉన్న 2కే హాలు, మసకబారిన 4కే హాలు కంటే స్పష్టంగా కనబడుతుంది. ఇది నేను వాదించి గెలవాల్సిన విషయం కూడా కాదు, రెండు హాళ్లలో ఒకే సినిమా చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇప్పుడు కెమెరా దగ్గరకు వద్దాం. సెన్సార్ మీద ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. సగం పిక్సెళ్లు ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి. మిగతా రంగులను పక్క పిక్సెళ్లను చూసి సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. అందుకే సెన్సార్ 4కే అంటే నికరంగా 4కే వివరం వస్తుందని కాదు, కొంత తగ్గుతుంది. ఇక్కడ నిర్మాత పక్షాన ఒక మంచి పాయింటు ఉంది. 8కేతో తీసి 4కేకి కుదిస్తే ఆ లోటు పూర్తిగా భర్తీ అవుతుంది, నాయిస్ (బొమ్మలో కనబడే చుక్కల గోల) కూడా తగ్గుతుంది. సన్న గళ్ల మంగళగిరి చీరలు, సన్న చారల చొక్కాలు కదిలినప్పుడు కనబడే మోరే అలలు (గుడ్డలో లేని వంకర గీతలు) కూడా బాగా తగ్గుతాయి. బ్లాక్‌మ్యాజిక్ 2020లో 12288 × 6480 సెన్సార్‌తో 12కే కెమెరా తెచ్చినప్పుడు చెప్పిన ముఖ్యమైన లాభాల్లో ఇదొకటి. 12కే సినిమా చూపించమని కాదు, 4కేకీ 8కేకీ కుదించినప్పుడు బొమ్మ నున్నగా వస్తుందని. 4.6కే నుంచి 4కేకి కుదించినా ఈ లాభంలో కొంత దక్కుతుంది, అంతా కాదు. ఆ మేరకు మీ కెమెరామన్ ఒక అడుగు వెనక ఉన్నట్టే.

అయితే పిక్సెల్ సైజు సంగతీ చూడాలి. 2010లో వచ్చిన మొదటి అలెక్సా పిక్సెల్ 8.25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు వాడకంలో 2.8కే, సెన్సార్ మొత్తం వాడినా 3.4కే దాటదు. అప్పటికే మార్కెట్లో రెడ్ అనే కంపెనీ వాళ్ల 4కే కెమెరా మూడేళ్లుగా ఉంది. అయినా 2011 నుంచి 2015 వరకు వచ్చిన సినిమాల్లో ఏటా ఉత్తమ ఛాయాగ్రహణం ఆస్కార్ అందుకున్నవి, పూర్తిగానో ముఖ్యభాగమో, అలెక్సా కుటుంబం కెమెరాలతో తీసినవే. మన దగ్గర 2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగాన్ని సెంథిల్ కుమార్ తీసింది కూడా అలెక్సా ఎక్స్‌టీతోనే. ఊరి సెంటర్లో హాలు తెర మీద ఆ జలపాతం చూసి "రిజల్యూషన్ చాల్లేదు" అన్నవాడు నాకైతే తగల్లేదు. పెద్ద పిక్సెల్ ఎక్కువ కాంతి పట్టుకుంటుంది, కాబట్టి వెలుగుకీ నీడకీ మధ్య ఎక్కువ మెట్లు ఉంటాయి. 2022లో వచ్చిన అలెక్సా 35కి 17 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) అని కంపెనీ చెబుతుంది. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో, చెట్టు కింద నీడలో ఉన్న ముఖం, వెనకాల తెల్లటి ఆకాశం, రెండూ నిలబడాలంటే మీకు కావలసింది ఆ స్టాపులే. వివరం పోయి తెల్లగా పేలిపోయిన ఆకాశాన్ని 8కేలో ఇచ్చినా నేను డీఐలో దానికి రంగు తేలేను.

ఓటీటీ వైపు ఇది ఇంకా ముఖ్యం. హెచ్‌డీఆర్ టీవీలు (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపేవి) ఇప్పుడు వందల నిట్స్ నుంచి వెయ్యి పైదాకా వెలుగుతున్నాయి. పది అడుగుల దూరం నుంచి పిక్సెళ్ల తేడా కనబడదు గానీ, దీపం వెలుగులో ఉన్న ముఖం, వెనక కిటికీ, రెండూ వివరంగా ఉన్నాయా లేదా అన్నది ఆ దూరం నుంచి కూడా కనబడుతుంది.

లెన్సు గురించి కూడా చెప్పాలి. కాంతి సన్న రంధ్రం గుండా వెళ్లినప్పుడు చుక్క చుక్కగా ఉండదు, కొంచెం పరుచుకుంటుంది. ఎఫ్/8 దగ్గర (ఇది లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) ఆ చుక్క వ్యాసం సుమారు 10.7 మైక్రాన్లు. సూపర్ 35 సైజు (35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత) 8కే సెన్సార్ మీద పిక్సెల్ 3.65 మైక్రాన్లు. అంటే ప్రపంచంలోకెల్లా ఖరీదైన లెన్సు పెట్టినా, ఎఫ్/8కి మూస్తే ఒక చుక్క మూడు పిక్సెళ్ల మీద కూర్చుంటుంది. ఎండలో షూట్ చేస్తూ ఎన్‌డీ ఫిల్టర్లు (వెలుగు తగ్గించే నల్ల గాజులు) పెట్టకుండా ఎఫ్/11, ఎఫ్/16కి మూసేస్తే 8కే అన్న మాటే మరిచిపోవచ్చు. పోనీ లెన్సు తెరిచి ఎఫ్/2 దగ్గర తీద్దామంటే ఫోకస్ అంగుళాల్లోకి వస్తుంది. ఆర్టిస్టు ఊపిరి పీల్చి ముందుకు వంగితే కన్ను పోయి చెవి పదునెక్కుతుంది. 2కే రోజుల్లో దొరకని ఫోకస్ తప్పులు 4కేలో దొరుకుతాయి, 8కేలో ఫోకస్ పుల్లర్ (షాట్‌లో ఫోకస్ చూసుకునే సహాయకుడు) మీద టెన్షన్ ఇంకా పెరుగుతుంది. మరీ విడ్డూరం ఏమిటంటే 8కే కెమెరా తెచ్చుకున్న చాలామంది కెమెరామన్లు ముఖాలు మరీ కఠినంగా పడుతున్నాయని పాత లెన్సులు, బొమ్మను మెత్తబరిచే డిఫ్యూజన్ ఫిల్టర్లు పెడతారు. అందులో తప్పేమీ లేదు, అందంగానే ఉంటుంది. కానీ అద్దె కట్టి తెచ్చుకున్న వివరాన్ని అద్దె కట్టి తెచ్చుకున్న గాజుతో చెరిపేస్తున్నామని నిర్మాతకు తెలిసి ఉండాలి కదా.

కదలిక లెక్క ఇంకా కఠినం. 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టర్ అంటే ఒక్కో ఫ్రేము సెకనులో 48వ వంతు సేపు వెలుగు చూస్తుంది. ఒక వస్తువు తెర ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి ఏడు సెకన్లు పట్టేంత నెమ్మదిగా ప్యాన్ చేయాలని (కెమెరాను పక్కకు తిప్పాలని) పాత కెమెరామన్ల సూత్రం. ఆ నిదానపు ప్యాన్‌లోనే 4కే బొమ్మ మీద ఒక్కో ఫ్రేములో 12 పిక్సెళ్ల మేర చెదురు వస్తుంది. 8కేలో అది దాదాపు 24 పిక్సెళ్లు. అంటే కెమెరా కదిలిన ప్రతిసారీ 4కే, 8కే, 2కే అన్నీ ఒకే మసకలో కలిసిపోతాయి. మన కమర్షియల్ సినిమాలో కెమెరా నిలకడగా ఉండే షాట్లు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి. ఈ బాధ తప్పాలంటే ఫ్రేముల వేగం పెంచాలి. 48, 120 ఫ్రేములతో హాలీవుడ్‌లో ప్రయత్నాలు జరిగాయి, సినిమాలో టీవీ సీరియల్ వాసన వస్తోందని జనం మొహం తిప్పుకున్నారు.

మరి 8కే, ఆ పైవి ఎవరికి? నిజమైన అవసరం ఉన్నవాళ్లు ఉన్నారు. తెర మన చూపు మొత్తాన్ని ఆక్రమిస్తే లెక్క మారిపోతుంది. 180 డిగ్రీల చూపును నింపాలంటే డిగ్రీకి 60 చొప్పున 10,800 పిక్సెళ్లు అడ్డంగా కావాలి, అక్కడ 8కే కూడా చాలదు. లాస్ వేగాస్‌లో 2023 సెప్టెంబరులో తెరిచిన స్ఫియర్ అనే గుండ్రటి ప్రదర్శనశాల లోపలి ఎల్ఈడీ తెర 1,60,000 చదరపు అడుగులు, రిజల్యూషన్ 16కే. దానికోసం బిగ్ స్కై అని సొంతంగా కెమెరా తయారుచేసుకున్నారు. 316 మెగాపిక్సెళ్ల సెన్సార్, 18కే, సెకనుకు 120 ఫ్రేముల దాకా. అంతకుముందు ఇలాంటి తెరలకు చాలా కెమెరాలు పక్కపక్కన కట్టి బొమ్మలను అతికేవాళ్లు. దగ్గరి వస్తువుల మీద అతుకులు బయటపడేవి. ఒకే లెన్సు, ఒకే సెన్సార్‌తో ఆ తలనొప్పి తప్పింది. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 8కే మీద చేసిన పరిశోధన కూడా ఇలాంటి ఆలోచనే. దాదాపు 100 డిగ్రీల చూపును తెరతో నింపితే అక్కడ ఉన్నట్టే అనిపిస్తుందని వాళ్ల లెక్క. 2018 డిసెంబరు 1న 8కే ఛానల్ ప్రసారం కూడా మొదలుపెట్టారు. అదంతా ఆ తరహా చూపు కోసం. పది అడుగుల దూరంలో సోఫా, ఎదురుగా 55 అంగుళాల టీవీ ఉన్నవాళ్ల కోసం కాదు.

మామూలు సినిమాలో కూడా ఎక్కువ పిక్సెళ్లకు ఒక తెలివైన వాడకం ఉంది. 2014లో డేవిడ్ ఫించర్ 'గాన్ గర్ల్'ను 6కేలో తీసి, ఫ్రేమింగ్ మాత్రం మధ్యలో 5కే భాగానికి పెట్టుకుని, 4కేలో పూర్తిచేశాడు. చుట్టూ మిగిలిన అంచు ఎడిటింగ్‌లో ఫ్రేము జరపడానికి, వణుకు తీసేయడానికి, రెండు టేకుల్లో నటులను ఒకే ఫ్రేములో కలపడానికి. ఆయనకు ఆ పిక్సెళ్లు చూపించడానికి కాదు, కోసుకోవడానికి. మీరూ ఇలా ముందే ఆలోచించుకుని తీస్తే 8కేకి అర్థం ఉంటుంది. "ఎలాగూ 8కే కదా, వైడ్ ఒక్కటి తీసేద్దాం, క్లోజప్ ఎడిట్‌లో కోసుకుందాం" అంటే మాత్రం వద్దు. కోసిన క్లోజప్‌లో లెన్సు దూరం, వెనకాల మసక, వెలుతురు అన్నీ వైడ్ షాట్‌వే. తెర మీద అది జూమ్ చేసిన సీసీటీవీలా కొడుతుంది. ఇలా తీసిన రషెస్ (ఎడిట్ కాని ఫుటేజీ) నా టేబుల్ మీదకు వస్తూనే ఉంటాయి.

డేటా విషయంలో ఒక అపోహ తీసేయాలి. 8కే అంటే బరువు, 4.6కే అంటే తేలిక అని గుడ్డిగా అనుకోవద్దు. కుదించిన 8కే రా (సెన్సార్ కొలిచినదాన్ని రంగులు తేల్చకుండా దాచే ఫైలు), ఎనిమిదో వంతుకు కుదిస్తే, గంటకు ముప్పావు టీబీ చుట్టూ ఉంటుంది. అలెక్సా 35లో సెన్సార్ మొత్తం వాడి కుదించని రా తీస్తే గంటకు దాదాపు 2 టీబీ. రోజుకు రెండు గంటల ఫుటేజీ అనుకుంటే 4 టీబీ, రెండు కాపీలు, ఆపైన ఎల్‌టీఓ టేపు (ఎక్కువ కాలం దాచడానికి వాడే డేటా టేపు). ఎల్‌టీఓ-9 టేపు ఒక్కోటి 18 టీబీ పడుతుంది. మీ బడ్జెట్‌కు ప్రోరెస్ 4444 ఎక్స్‌క్యూలో (తక్కువ చోటు పట్టే నాణ్యమైన వీడియో ఫార్మాట్) తీయండి, గ్రాఫిక్స్ షాట్లకు మాత్రమే రా వాడండి. ఈ మాట కెమెరామన్ ఒప్పుకోకపోతే అప్పుడు నిర్మాత పక్షాన నేనూ వాదిస్తాను. 8కే రా బరువు డిస్కు మీద కంటే కంప్యూటర్ మీద ఎక్కువ పడుతుంది. దాన్ని విప్పి చూపించడానికే గ్రాఫిక్స్ కార్డు చెమటలు కక్కుతుంది. ఎడిట్ ఏ కెమెరాకైనా ప్రాక్సీల (చిన్న సైజు కాపీల) మీదే జరుగుతుంది, అక్కడ తేడా లేదు.

గ్రాఫిక్స్ షాట్ల దగ్గర డబ్బు నిజంగా కరుగుతుంది. 4096 × 2160 ఫ్రేము ఒక్కటి 10-బిట్ డీపీఎక్స్ ఫైలుగా సుమారు 35 ఎంబీ. 8192 × 4320 అయితే 140 దాటుతుంది. రెండరింగ్ సమయం, నిల్వ, నెట్‌వర్క్ అన్నీ పిక్సెళ్ల సంఖ్యతోపాటే పెరుగుతాయి. రోటో (మనిషి అంచు గీసి విడదీయడం) లాంటి చేతిపని అంతగా పెరగకపోవచ్చు గానీ, 2కేలో కప్పిపుచ్చుకునే అంచులు 4కేలో బయటపడతాయి కాబట్టి ఓపిక ఎక్కువ కావాలి. హాలీవుడ్‌లోనే పెద్ద పెద్ద గ్రాఫిక్స్ సినిమాలు ఎన్నో ఈ ఖర్చు వల్లే 2కేలో ముగిశాయి. మీవి యాభై అరవై షాట్లే కాబట్టి 4కే స్కోప్‌లో చేయించండి. కంపెనీతో ఒప్పందంలో ఫ్రేము సైజును పిక్సెళ్లలో రాయించండి. ఒట్టి "4కే" అని రాస్తే 2కేలో చేసి సాగదీసి ఇచ్చేవాళ్లున్నారు.

ఎల్ఈడీ గోడ (వెనకాల దృశ్యం చూపే పెద్ద తెర) ముందు తీసే ఆలోచన ఉందని కూడా రాశారు. హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో డిజిటల్ సినిమా కంపెనీ క్యూబ్ వాళ్లతో కలిసి పెట్టిన వర్చువల్ స్టేజీ ఉంది, వెళ్లి చూడండి. అక్కడ సెన్సార్ రిజల్యూషన్ కంటే గోడ మీద దీపాల మధ్య దూరం, గోడకూ ఆర్టిస్టుకూ మధ్య దూరం ముఖ్యం. గోడ ఫోకస్‌లోకి వస్తే దీపాల వరసలు, సెన్సార్ వరసలు ఒకదానితో ఒకటి గొడవపడి మోరే వస్తుంది. పదునైన 8కే అక్కడ మిమ్మల్ని కాపాడదు, గోడను ఫోకస్ బయట ఉంచడమే దారి.

ఓటీటీ నిబంధనల గురించి. నెట్‌ఫ్లిక్స్ తన ఒరిజినల్స్‌కు నిజమైన 4కే సెన్సార్ ఉండాలని, సినిమాలో చాలా భాగం తను ఆమోదించిన కెమెరాల జాబితాలోంచే తీయాలని నియమం పెట్టింది. మొదటి తరం అలెక్సాలు, ఆస్కార్లు గెలిచినా, 4కే లేదని ఆ జాబితాలోకి రాలేదు. అలెక్సా 35 ఉంది. 8కే కెమెరాల్లోనూ కొన్ని ఉన్నాయి, అన్నీ లేవు, కాబట్టి మీకు దొరికిన మోడల్ పేరు పెట్టి చూసుకోండి. ఈ నియమం వాళ్లు సొంతంగా తీయించే వాటికి. థియేటర్లో ఆడిన సినిమా హక్కులు తర్వాత కొనేటప్పుడు అడిగేవి వేరు. ఎవరు కొనబోతున్నారో తెలిస్తే వాళ్ల డెలివరీ పత్రం షూటింగ్‌కు ముందే తెప్పించుకోండి.

"భవిష్యత్తులో 8కే వస్తే?" అని నిర్మాత అడుగుతారు, అందరూ అడుగుతారు. మన పాత సినిమాలు చూడండి. 2022 నుంచి 4కే రీ-రిలీజుల జోరు నడుస్తోంది. వాటిలో 35 ఎంఎం నెగెటివ్ బాగా ఉండి, దాన్ని 4కేలో స్కాన్ చేసినవి కళకళలాడుతున్నాయి. పాత హెచ్‌డీ టేపును సాఫ్ట్‌వేర్‌తో సాగదీసినవి చూస్తే ముఖాలు మైనం పూసినట్టుంటాయి. రెండింటికీ పోస్టరు మీద రాసేది 4కే అనే. తేడా తెచ్చింది నెగెటివ్‌ను ఎవరో భద్రంగా దాచడం. మీ సినిమా ముప్పై ఏళ్ల తర్వాత బతకాలంటే ఒరిజినల్ కెమెరా ఫైళ్లు, గ్రేడింగ్ (రంగుల సవరణ) చేయని మాస్టరు రెండు వేర్వేరు చోట్ల దాయండి. సినిమా విడుదలైన ఏడాదికే హార్డు డిస్కులు వేరే ప్రాజెక్టుకు చెరిపేసే నిర్మాణ సంస్థలకు 8కే ఎందుకు?

ఇంత చెప్పినా నిర్మాత నమ్మకపోవచ్చు. ఒక పూట పరీక్ష పెట్టండి. రెండు కెమెరాలు, ఒకే లెన్సుల సెట్టు, మీ హీరోయిన్ ముఖం, ఎండలో ఒక షాట్, రాత్రి వీధి దీపాల కింద ఒకటి, గళ్ల చీర ఒకటి, నడుస్తున్న మనిషితో ప్యాన్ ఒకటి. రెండింటినీ ఒకేలా గ్రేడ్ చేయించి, పేర్లు పెట్టకుండా ఏ, బీ అని 4కే డీసీపీ చేయించండి. మానిటర్ మీద చూడొద్దు, ఉదయం ఆట ముందు ఒక హాలు అద్దెకు తీసుకుని చూడండి. నిర్మాతను మూడో వరసలో ఒకసారి, చివరి వరసలో ఒకసారి కూర్చోబెట్టండి. ఏది 8కేనో చెప్పమనకండి, ఏది బాగుందో మాత్రం అడగండి.

పరీక్షలో 8కే కెమెరాయే నచ్చితే, లేదా అద్దె దగ్గర బేరం తెగక అదే ఖాయమైతే, దాంతోనూ చక్కగా సినిమా తీయొచ్చు. మిగిలిన అద్దె డబ్బుతో మంచి ఫోకస్ పుల్లర్‌ని, పూర్తి ఎన్‌డీ సెట్టును తెచ్చుకోండి. హైలైట్లు (బాగా వెలుగున్న చోట్లు) పేలకుండా ఎక్స్‌పోజరు కాస్త కిందికి ఉంచమని కెమెరామన్‌తో మొదటి రోజే మాట్లాడుకోండి. ఫ్రేమింగ్ గీతలు చుట్టూ అయిదు నుంచి పది శాతం అంచు వదిలి వేయించి, ఫ్రేము ఎక్కడిదాకానో చూపే ఫ్రేమింగ్ చార్టు ఒకటి మొదటి రోజే షూట్ చేసి ఎడిటర్‌కు, గ్రాఫిక్స్ కంపెనీకి, డీఐకి ముగ్గురికీ పంపండి. ఆ చార్టు లేకపోతే ఎడిటర్ ఒక ఫ్రేముతో, గ్రాఫిక్స్ వాళ్లు ఇంకో ఫ్రేముతో పనిచేసుకుంటూ పోతారు. ఆ సంగతి కన్ఫర్మ్ రోజు (ఎడిట్‌ను ఒరిజినల్ ఫైళ్లతో కలిపే రోజు) గానీ బయటపడదు, అప్పటికి రిలీజ్ డేటు పోస్టర్లు గోడలెక్కి ఉంటాయి.